పాడితే తప్పు లేదు, మరి జిరాక్స్ తీస్తే?

డిసెంబరు నెల మొదలైతే పద్మారావు నగర్ జిరాక్స్ షాపులకు రెండు కొత్త గిరాకీలు వస్తాయి. ఒకటి బడి బ్యాండు మాస్టారిది. యాన్యువల్ డేకి రెండు వారాలే ఉంటుంది. చేతిలో ఒకే ఒక స్వరలిపి పుస్తకం ఉంటుంది, బ్యాండులో పిల్లలు ముప్పై మంది. రెండోది సంఘం క్వయర్ లీడరుది. క్రిస్మస్ ఆరాధనకు నాలుగు గొంతుల పాట నేర్పాలి, సోప్రానో నుంచి బేస్ వరకు అందరికీ తలా ఒక కాగితం కావాలి. ఇద్దరూ ఒకే వరుసలో నిలబడతారు, ఒకే మెషిన్ మీద కాపీలు తీయించుకుంటారు, పేజీకి ఇంత అని లెక్కకట్టి డబ్బులిచ్చి వెళ్లిపోతారు. తప్పు చేస్తున్నామన్న ఆలోచన ఇద్దరిలో ఎవరికీ రాదు. ఒకరు పిల్లలకు చదువు చెబుతున్నారు, మరొకరు దేవుని సేవ చేస్తున్నారు.

అయితే చట్టం ఈ ఇద్దరినీ ఒకేలా చూడదు. మనలో చాలామంది దేవుని పని కోసం తీసిన కాపీకే ఎక్కువ వెసులుబాటు ఉంటుందని అనుకుంటాం. నిజానికి కాపీ విషయంలో చట్టం ఎక్కువ వెసులుబాటు ఇచ్చింది బడికే. సంఘానికి ఇచ్చింది వేరే రకం స్వేచ్ఛ. ఈ తేడా తెలియకపోవడం వల్ల కొందరు అనవసరంగా భయపడుతున్నారు, మరికొందరు భయపడాల్సిన చోట నిశ్చింతగా ఉన్నారు. ఈ వారం ఆ సంగతి కొంచెం నిదానంగా చూద్దాం.

హక్కు ఎవరిది, ఎంతకాలం?

మన దేశంలో దీన్ని నడిపించేది 1957 నాటి కాపీరైట్ చట్టం. అది 1958 జనవరి 21న అమల్లోకి వచ్చింది, ఆ తర్వాత చాలాసార్లు సవరణలు జరిగాయి. ఈ చట్టం దృష్టిలో ఒక పాట ఒకే వస్తువు కాదు. మాటలు సాహిత్య రచన, వాటిని రాసినవారికి ఒక హక్కు. బాణీ సంగీత రచన, కట్టినవారికి మరో హక్కు. కాగితం మీద రాసిన స్వరలిపి కూడా సంగీత రచనలో భాగమేనని చట్టం స్పష్టంగా చెబుతోంది. క్లారినెట్‌కో ట్రంపెట్‌కో తగినట్టు ఆ బాణీని మార్చి రాస్తే దానికి 'అడాప్టేషన్' అని పేరు, దానికీ హక్కుదారు అనుమతి కావాలి. ఇంగ్లీషు ఆరాధన గీతాన్ని తెలుగులోకి తెస్తే అది అనువాదం. ఆ హక్కు కూడా మూల రచయితదే. ఈ హక్కు పుట్టడానికి రిజిస్ట్రేషను అక్కర్లేదు, కాగితం అడుగున గుర్తు వేయనక్కర్లేదు. రాసిన క్షణంలోనే అది పుడుతుంది.

ఎంతకాలం ఉంటుంది? రచయిత బతికినంత కాలం, ఆయన పోయిన తర్వాత మరో 60 ఏళ్లు. మొదట ఇది 50 ఏళ్లే. 1941లో కన్నుమూసిన రవీంద్రనాథ్ ఠాగూరు రచనల మీద హక్కు 1991తో ముగిసిపోతుండగా ప్రభుత్వం గడువు పెంచింది. 1992 సవరణతో అది 60 అయింది. లెక్క వేయడం తేలిక. 1960లో పోయిన రచయిత రచన 2020 డిసెంబరు 31 దాకా హక్కులో ఉంటుంది, 2021 జనవరి 1 నుంచి అందరిదీ అవుతుంది.

ఈ లెక్కను మన పాటల పుస్తకానికి పెట్టి చూడండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఎన్నిటికో మూలపురుషుడైన పురుషోత్తమ చౌదరి గారు 1803లో పుట్టి 1890లో ప్రభువు సన్నిధికి చేరారు. ఆయన కీర్తనల మీద ఎవరికీ ఆర్థిక హక్కు లేదు. ఎన్ని కాపీలైనా తీసుకోవచ్చు, బ్యాండుకు స్వరపరచుకోవచ్చు. 'గ్రేట్ ఈజ్ దై ఫెయిత్‌ఫుల్‌నెస్' మాటలు రాసిన థామస్ చిషోమ్ 1960లో, బాణీ కట్టిన విలియం రన్యన్ 1957లో పోయారు. కాబట్టి ఆ మూల గీతం మన దేశంలో ఇప్పుడు స్వేచ్ఛగా ఉంది. 'హౌ గ్రేట్ దౌ ఆర్ట్' సంగతి వేరు. దాని స్వీడిష్ మూలాన్ని రాసిన కార్ల్ బోబెర్గ్ 1940లోనే పోయారు, కానీ మనం పాడే ఇంగ్లీషు మాటలు స్టువర్ట్ హైన్ గారివి. ఆయన 1989లో పోయారు, కాబట్టి ఆ మాటలు 2049 చివరి దాకా హక్కులోనే ఉంటాయి. పాత పాటలా వినిపించినంత మాత్రాన పాట పాతది అయిపోదు.

ఇంకో చిక్కు ఉంది. హాండెల్ 1759లోనే పోయాడు. 'మెస్సయ' ఆయన రాసినంత వరకు అందరిదీ. కానీ ప్రపంచమంతా క్వయర్లు చేతబట్టుకునే నొవెల్లో ప్రచురణను వాట్కిన్స్ షా అనే సంగీత పండితుడు పాత ప్రతులన్నీ పోల్చి, సరిచేసి తయారుచేశారు. ఆయన 1996లో పోయారు. సంగీతం హాండెల్‌దే అయినా ఆ పుస్తకంలో షా గారి శ్రమ కూడా ఉంది. అందుకే కాపీ తీసేముందు పాట ఎవరిదో అడిగితే చాలదు, చేతిలో ఉన్న ప్రచురణ ఎవరిదో కూడా అడగాలి.

బడి బ్యాండుకు చట్టం ఇచ్చిన చోటు

ఇప్పుడు బ్యాండు మాస్టారి దగ్గరికి వద్దాం. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపుల పెద్ద జాబితా ఉంది. అందులో 52(1)(i) ప్రకారం బోధనలో భాగంగా ఉపాధ్యాయుడు గానీ విద్యార్థి గానీ ఏ రచననైనా కాపీ చేసుకోవచ్చు, అది ఉల్లంఘన కాదు. ఇన్ని పేజీలే, ఇంత శాతమే అన్న హద్దు చట్టంలో రాయలేదు.

ఈ మాటల అర్థం మీద మన దేశంలో పెద్ద వ్యాజ్యమే నడిచింది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో రామేశ్వరి ఫొటోకాపీ సర్వీసెస్ అనే చిన్న జిరాక్స్ షాపు, అధ్యాపకులు సూచించిన పాఠ్యభాగాలను వేర్వేరు పుస్తకాల నుంచి తీసి, కట్టలుగా కట్టి విద్యార్థులకు ఇచ్చేది. 2012 ఆగస్టులో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు ఆ షాపు మీద, విశ్వవిద్యాలయం మీద దావా వేశాయి. 2016 సెప్టెంబరు 16న ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి రాజీవ్ సహాయ్ ఎండ్లా దావాను కొట్టివేశారు. అదే ఏడాది డిసెంబరు 9న న్యాయమూర్తులు ప్రదీప్ నందరాజోగ్, యోగేశ్ ఖన్నాల ధర్మాసనం అప్పీలు మీద తీర్పు చెప్పింది. బోధన అంటే తరగతి గదిలో పాఠం చెప్పే గంట ఒక్కటే కాదని, ఆ చదువు సాగినంత మేరా బోధనేనని అంది. కాపీ ఉపాధ్యాయుడే స్వయంగా తీయాలని లేదు, బయటి షాపు తీసినా ఫరవాలేదంది. అయితే కాపీ చేసినది ఆ బోధనకు అవసరమైనంత మేరకే ఉండాలన్న కొలత పెట్టింది. ఆ ప్రశ్నను, కొన్ని పుస్తకాలను మొత్తంగా కాపీ తీసిన సంగతిని విచారణకు తిప్పి పంపింది. 2017 మార్చిలో ప్రచురణకర్తలు దావాను వెనక్కి తీసుకున్నారు. కాపీ హక్కుల సంస్థ ఒకటి సుప్రీంకోర్టుకు వెళ్లగా, ఆ ఏడాది మే నెలలో ఆ అప్పీలు కూడా నిలవలేదు.

ఆ ధర్మాసనం తీర్పులో సంగీతం తెలిసినవారికి నచ్చే పోలిక ఒకటుంది. ఒక చట్టంలోని సెక్షన్లను న్యాయమూర్తులు వాద్యబృందంతో పోల్చారు. సున్నితమైన వాద్యాలు వినబడాలంటే గట్టి వాద్యాలు తగ్గాలి, అయితే సరైన సమయంలో డోలు మోగి మిగతావాటిని కప్పేయడం కూడా ఆ సంగీతానికి అవసరమే. అలాగే ఒక్కోసారి ఒక సెక్షన్ నిలబడటానికి మరో సెక్షన్ కాస్త తగ్గాల్సి వస్తుందని వారి భావం.

ఆ కోర్టు ముందున్నవి పాఠ్యపుస్తకాలు, బ్యాండు స్వరలిపి కాదు. అయినా సూత్రం ఒకటే. బడిలో సంగీతం పాఠ్యాంశమై, మాస్టారు దానిని నేర్పడానికి తన దగ్గరున్న ప్రతి నుంచి పిల్లలకు కాపీలు ఇస్తే చట్టం ఆయన పక్షానే ఉంటుందని చెప్పవచ్చు. పిల్లలు వాయించి చూపడానికి కూడా చోటుంది. బడి సిబ్బంది, విద్యార్థులు వాయించేటప్పుడు శ్రోతలు ఆ బడి సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రులు, సంరక్షకులు, బడి పనులతో సంబంధం ఉన్నవారు అయితే అది ఉల్లంఘన కాదని 52(1)(j) చెబుతోంది. యాన్యువల్ డే చాలావరకు ఇందులోకి వస్తుంది. జనవరి 26న ప్రభుత్వం జరిపే అధికారిక వేడుకలో వాయించడం మరో మినహాయింపు కిందికి వస్తుంది. అదే బ్యాండు టికెట్లు అమ్మి బయటి జనానికి కచేరీ చేసినా, ఒక షాపింగ్ మాల్ ప్రారంభానికి వెళ్లి వాయించినా ఈ గొడుగు కింద ఉండదు.

'అవసరమైనంత మేరకు' అన్న కొలతలో బ్యాండుకు ఒక ఇబ్బంది ఉంది. పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయం కాపీ తీస్తే పుస్తకం అమ్మకం ఆగదు. బ్యాండు స్వరలిపి అమ్మేదే సెట్టుగా. కండక్టరు ప్రతి ఒకటి, ఒక్కో వాద్యానికి ఒక్కో భాగం కలిపి అమ్ముతారు. ఒక బడి సెట్టు కొని, పది బడులు దాన్ని వాట్సాప్ గ్రూపులో పంచుకుంటే ఆ ప్రచురణకర్తకు మిగిలే కొనుగోలుదారు ఎవరూ ఉండరు. దాన్ని బోధన అని ఎవరూ సమర్థించలేరు. తన బడి పిల్లలకు తన తరగతిలో ఇవ్వడం ఒకటి, ఊరంతటికీ పంచడం మరొకటి.

ఇక మన పిల్లల్లో చాలామంది ట్రినిటీ కాలేజ్ లండన్, ఏబీఆర్ఎస్ఎం గ్రేడ్ పరీక్షలు రాస్తున్నారు. అక్కడ చట్టం కంటే ముందు పరీక్ష నిబంధన అడ్డు వస్తుంది. అనుమతి లేని జిరాక్స్ ప్రతితో పరీక్ష గదిలోకి వెళ్లకూడదు, అసలు పుస్తకమే ఉండాలి. చివరి రోజున ఈ సంగతి తెలిసి పుస్తకం కోసం పరుగులు తీసే తల్లిదండ్రులు ప్రతి ఏడాదీ ఉంటారు. ముందే తెలుసుకోవడం మంచిది.

సంఘానికి ఇచ్చిన చోటు ఇంకొకటి

క్వయర్ లీడరు విషయంలో చట్టం 52(1)(za)లో మాట్లాడింది. నిజమైన మతపరమైన కార్యక్రమంలో పాటను పాడినా, వాయించినా, రికార్డు వినిపించినా ఉల్లంఘన కాదు. పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన ఇతర వేడుకలు కూడా ఇందులోనే ఉన్నాయని వివరణ ఉంది. పెళ్లిళ్లలో పాటలకు రాయల్టీ కట్టమని హోటళ్లను అడుగుతున్నారన్న ఫిర్యాదుల మీద 2023 జూలై 24న కేంద్ర ప్రభుత్వ శాఖ ఒకటి ఈ వివరణనే గుర్తుచేస్తూ పబ్లిక్ నోటీసు ఇచ్చింది. ఔత్సాహిక బృందం ఉచితంగా గానీ, ఒక మత సంస్థ సహాయార్థం గానీ ఇచ్చే ప్రదర్శనకు మరో మినహాయింపు ఉంది. కాబట్టి ఆదివారం ఆరాధనలో, క్రిస్మస్ రాత్రి, మందిర నిర్మాణం కోసం చేసే సంగీత విభావరిలో పాడటానికి సంఘం ఎవరినీ అడగనక్కర్లేదు.

అయితే ఈ మినహాయింపులన్నీ ప్రదర్శన గురించి, వినిపించడం గురించి. కాపీ గురించి కాదు. ఆరాధనలో పాట పాడే స్వేచ్ఛ ఇచ్చిన సెక్షన్, ఆ పాట కాగితాన్ని నలభై కాపీలు తీసే స్వేచ్ఛ ఇవ్వలేదు. క్వయర్ ప్రాక్టీసు బడి తరగతి కాదు. క్వయర్ లీడరు 'ఉపాధ్యాయుడు' అన్న మాట కిందికి తేలిగ్గా రారు. ఒక సభ్యురాలు తాను ఇంట్లో నేర్చుకోవడానికి ఒక ప్రతి తీసుకుంటే వ్యక్తిగత వినియోగం కింద న్యాయమైన వాడకం అనవచ్చు. కానీ సంఘం తరఫున గుత్తగా తీసిన కాపీల కట్టకు ఆ సమర్థన సరిపోదు. పాటల మాటలను స్క్రీన్ మీద వేయడానికి స్లైడుగా ఎక్కించి దాచుకోవడం కూడా ఒక రకం కాపీయే. ఆరాధన వీడియోను యూట్యూబ్‌లో శాశ్వతంగా ఉంచినప్పుడు, అది ఆ ఆదివారం జరిగిన కార్యక్రమంలో భాగమని చెప్పడం కష్టం.

చట్టం ఇచ్చిన ఒక దయగల మినహాయింపును మాత్రం మన సంఘాలు వాడుకోవడం లేదు. దృష్టి లోపం వంటి వైకల్యం ఉన్నవారి కోసం లాభాపేక్ష లేకుండా బ్రెయిలీలో గానీ, వారు చదవగలిగే మరో రూపంలో గానీ రచనను మార్చి ఇవ్వడాన్ని 2012 సవరణ అనుమతించింది. క్వయర్‌లో కంటిచూపు లేని సభ్యుడుంటే ఆయన కోసం తీసే ప్రతికి భయపడనక్కర్లేదు.

శిక్షల మాట కూడా చెప్పాలి. తెలిసి చేసిన ఉల్లంఘనకు 63వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. వ్యాపార లాభం కోసం చేయనప్పుడు, కారణాలు రాసి కోర్టు శిక్ష తగ్గించవచ్చు. ఈ నేరానికి వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చని, ఇది బెయిలు హక్కుగా దొరకని నేరమని 2022 మే నెలలో సుప్రీంకోర్టు తేల్చింది. క్వయర్ లీడర్లను భయపెట్టడానికి ఇది రాయడం లేదు. చట్టం దీన్ని చిన్న విషయంగా చూడటం లేదని తెలియడానికి రాస్తున్నాం.

ఇతర దేశాల సంఘాలు నేర్చుకున్న పాఠం

అమెరికాలో అయోవా రాష్ట్రంలోని క్లారిండా అనే చిన్న ఊళ్లో నెల్సన్ క్రో అనే సంగీత ఉపాధ్యాయుడు ఉండేవారు. బడిలో పాటలు నేర్పేవారు, ఆదివారం మెథడిస్టు చర్చి క్వయర్‌ను నడిపేవారు. ఒక భక్తిగీతం కాపీలు కొన్నారు, కానీ అది తన క్వయర్‌కు సరిపోలేదనిపించి దాన్ని మార్చి రాశారు, బడి యంత్రం మీద 48 కాపీలు తీశారు. బడిలో ఒకసారి, చర్చిలో ఒకసారి పాడించారు. పైసా లాభం లేదు. తన స్వరకల్పన నచ్చుతుందేమోనని హక్కుదారులకు తానే ఉత్తరం కూడా రాశారు. వారు కోర్టుకు వెళ్లారు. కింది కోర్టు ఆయన మంచి ఉద్దేశాన్ని చూసి విడిచిపెట్టింది. 1962లో అప్పీలు కోర్టు ఆ తీర్పును తిప్పేసి ఆయనను, చర్చిని బాధ్యులను చేసింది. పద్మారావు నగర్‌లో పగలు బడిలో పనిచేసి సాయంత్రం సంఘంలో క్వయర్ నేర్పే మాస్టార్లకు ఈ కథ పరాయిది కాదు.

1976లో షికాగో కతోలిక అగ్రపీఠం మీద ఎఫ్.ఇ.ఎల్. అనే భక్తిగీతాల ప్రచురణ సంస్థ దావా వేసింది. విచారణల్లో తమ పాటలను లెక్కలేకుండా కాపీ తీసుకున్నారన్నది ఫిర్యాదు. 1984లో జ్యూరీ 30 లక్షల డాలర్లకు పైగా నష్టపరిహారం చెప్పింది. 1985లో అప్పీలు కోర్టు అందులో పెద్ద భాగాన్ని కొట్టివేసింది. అయినా ఆ వ్యాజ్యం అమెరికా సంఘాలను కుదిపేసింది. సంఘం పరిమాణాన్ని బట్టి ఏడాదికి ఒకసారి రుసుము కట్టి పాటల మాటలను కాపీ చేసుకునే సి.సి.ఎల్.ఐ. లైసెన్సు 1988లో మొదలైంది. రుసుము హక్కుదారులకు చేరుతుంది, సంఘం నిశ్చింతగా పాడుకుంటుంది.

జర్మనీ చట్టం ఇంకా కఠినం. స్వరలిపిని యంత్రం మీద కాపీ తీయడం వ్యక్తిగతంగానైనా కుదరదు, కావాలంటే చేత్తో రాసుకోవచ్చు. 2010 చివర్లో అక్కడి బాలవాడీలు పిల్లల పాటల కాగితాలకు రుసుము కట్టాలని కోరినప్పుడు దేశమంతా గొడవైంది. అమెరికాలో 1976లో ప్రచురణకర్తలు, సంగీత ఉపాధ్యాయులు కూర్చుని కొన్ని మార్గదర్శకాలు రాసుకున్నారు. కచేరీ నెత్తిమీదికి వచ్చి, కొన్న ప్రతులు పోతే అత్యవసరంగా కాపీ తీసుకోవచ్చు, కానీ తర్వాత అసలు ప్రతులు కొనాలన్నది అందులో ఒకటి. వీటితో పోలిస్తే మన దేశ చట్టం బడి విషయంలో ఎంతో ఉదారమైనది. ఆ ఉదారతను నిలుపుకోవాలంటే దాన్ని దుర్వినియోగం చేయకూడదు.

పాట వెనక మనిషి

ఇదంతా విదేశీ ప్రచురణ సంస్థల బాధ కదా, మనకెందుకు అనేవారుంటారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. డాలర్లలో ధర పెట్టిన స్వరలిపి సెట్టు ఒక చిన్న సంఘం నెల కానుకను మింగేయవచ్చు. గ్రామ సంఘాల్లో కీబోర్డు కొనడమే గొప్ప. సువార్త ఉచితంగా పొందాం, ఉచితంగా ఇద్దామనేవారూ ఉంటారు.

కానీ ఈ విషయంలో ఎక్కువగా నష్టపోతున్నది విదేశీ కంపెనీ కాదు, మన పక్కింటి తెలుగు పాటల రచయిత. కొత్త పాట ఒకటి సంఘంలో పుడుతుంది. రెండు నెలల్లో అది పదిమంది అచ్చువేసిన పాటల పుస్తకాల్లో ఉంటుంది. పుస్తకానికి ధర ఉంటుంది, సంకలనం చేసినవారి ఫొటో ఉంటుంది, రచయిత పేరు ఉండదు. మరో ఊరి గాయకుడు దాన్ని రికార్డు చేసి వీడియో పెడతాడు, అందులోనూ పేరు ఉండదు. రచన తనదని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ రచయితకు ఇచ్చింది. ఆర్థిక హక్కును అమ్మేసుకున్నా ఈ హక్కు పోదు. పేరు రాయడానికి మనకు అయ్యే ఖర్చు ఒక చుక్క సిరా. అది కూడా ఇవ్వలేకపోతే సేవ అన్న మాట వాడటానికి మనకు అర్హత ఎక్కడిది?

తెలుగువారికి ఈ హక్కు గొడవ కొత్త కాదు. 2017 మార్చిలో నెల్లూరు బిడ్డ ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం అమెరికాలో కచేరీలు చేస్తుండగా, తన పాటలు అనుమతి లేకుండా పాడకూడదని ఇళయరాజా తరఫున నోటీసు వెళ్లింది. ఈ చట్టం సంగతి తనకు తెలియదని, ఇక ఆ పాటలు పాడబోనని బాలు గారు బహిరంగంగా చెప్పారు. అభిమానులు రెండుగా చీలిపోయారు. ఎవరి పక్షం వహించినా ఒక్క నిజం అందరికీ అర్థమైంది. పాట గాలిలో తేలుతూ వచ్చింది కాదు, ఎవరో కూర్చుని కట్టింది.

స్వరలిపి రాయడం కూడా శ్రమేనని చెప్పే చక్కని సంగతి మన తెలుగు నేల మీదే ఉంది. 1919లో ఠాగూరు అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె బీసెంట్ థియొసాఫికల్ కళాశాలకు వచ్చి జనగణమన పాడి వినిపించారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య, సంగీతం తెలిసిన మార్గరెట్ కజిన్స్ దానికి స్వరలిపి రాశారు. ఈ రోజు ప్రతి బడి బ్యాండు అలవాటుగా వాయించే ఆ గీతాన్ని అప్పుడు ఒకరు చెవితో విని, కాగితం మీద పెట్టారు. అలాంటి చేతుల శ్రమనే మనం షాపు మెషిన్ మీద ఒక మీట నొక్కి తీసుకుంటున్నాం.

పనిచేసినవానికి కూలి దక్కాలన్న సంగతిని ప్రభువు లూకా సువార్త 10వ అధ్యాయంలో తన శిష్యుల విషయంలోనే చెప్పారు. పౌలు దాన్నే తిమోతికి గుర్తుచేశాడు. పొలం కోసినవారి కూలి బిగబట్టిన యజమానులను యాకోబు ఎంత ఘాటుగా మందలించాడో మనకు తెలుసు. ఈ మాటలను మనం పాస్టర్ల జీతాల విషయంలో వాడతాం. పాటల రచయిత విషయంలో ఎందుకు మరచిపోతాం? ఉచితంగా ఇవ్వడం గొప్ప గుణమే. అయితే ఇచ్చేది మనదై ఉండాలి. మరొకరిది తీసుకుని ఉచితంగా పంచితే అది దాతృత్వం కాదు.

అలాగని పెద్ద నగర సంఘానికీ, గుడిసె మందిరానికీ ఒకే కొలత పెట్టలేం. లక్షలు పోసి సౌండ్ సిస్టమ్ కొని, ఎల్ఈడీ గోడ కట్టించుకున్న సంఘం, స్వరలిపి కొనడానికి డబ్బు లేదంటే నమ్మడం కష్టం. స్పీకరు బిల్లు కట్టాం, వైర్ల బిల్లు కట్టాం, పాటకు మాత్రం బిల్లు లేదు. చిన్న సంఘం పరిస్థితి వేరు. దానికి నేరభావం అంటగట్టడం కంటే దారి చూపడం మేలు.

ఏం చేయగలం?

దారులు ఉన్నాయి, వాటిలో చాలావరకు ఖర్చు లేనివే. మొదటిది, క్వయర్ అలమర ఒకసారి తెరవండి. ఏది కొన్న ప్రతి, ఏది జిరాక్స్, ఎవరి రచన, ఎప్పుడు పోయారు అని ఒక పట్టిక రాయండి. యవనస్థులకు ఇది రెండు శనివారాల పని. సగానికి పైగా పాటల మీద హక్కులు ఎప్పుడో ముగిశాయని తేలవచ్చు.

రెండోది, స్వేచ్ఛగా దొరికే స్వరలిపిని వాడండి. 2006లో మొదలైన ఐ.ఎం.ఎస్.ఎల్.పి. అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో హాండెల్, బాఖ్ వంటివారి పాత ప్రచురణలు కోకొల్లలుగా ఉన్నాయి. 2007లో ఒక ప్రచురణ సంస్థ నోటీసుతో అది కొన్ని నెలలు మూతపడి 2008లో మళ్లీ తెరుచుకుంది. క్వయర్ పాటలకు ప్రత్యేకంగా కోరల్ పబ్లిక్ డొమైన్ లైబ్రరీ ఉంది. అక్కడి పాత ప్రచురణను ఎన్ని కాపీలు తీసినా చిక్కు లేదు. ప్రతి పేజీలో రాసిన నిబంధన మాత్రం చదవాలి.

మూడోది, అడగండి. తెలుగు రచయితలు ఎక్కువమంది ఒక ఫోను దూరంలోనే ఉంటారు. మీ పాటను మా బ్యాండుకు స్వరపరచుకుంటాం, ముప్పై కాపీలు తీస్తాం, మీ పేరు వేస్తాం అని అడిగితే కాదనేవారు అరుదు. వారి జవాబును మెసేజ్‌గానైనా దాచిపెట్టుకోండి. విదేశీ ప్రచురణకర్తకు ఒక ఈమెయిలు చాలు. పేద సంఘమని చెప్పుకోవడానికి సిగ్గుపడనక్కర్లేదు.

నాలుగోది, సంఘ బడ్జెట్‌లో సంగీతం కోసం ఒక పద్దు పెట్టండి. ఏడాదికి రెండు పాటలైనా సక్రమంగా కొనండి, లేదా లైసెన్సు తీసుకోండి. బడులు కూడా బ్యాండు యూనిఫారాలకు పెట్టే డబ్బులో కొంత స్వరలిపికి పెట్టాలి. ఐదోది, అన్నిటికంటే మేలైనది, మన కీర్తనలకు మనమే స్వరలిపి రాసుకుందాం. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు రాగతాళాల పేర్లతో అచ్చయ్యాయి, బాణీలు మాత్రం పెద్దల గొంతుల్లోనే మిగిలిపోయాయి. ఆ పెద్దలు ఒక్కొక్కరుగా వెళ్లిపోతున్నారు. సంగీతం చదివిన పిల్లలు మన సంఘాల్లో ఇప్పుడు ఉన్నారు. ఆ అవ్వలు, తాతల పక్కన కూర్చుని వారి బాణీలను కాగితం మీద పెట్టి, అందరూ కాపీ తీసుకోవచ్చని అడుగున రాసి పంచితే బడి బ్యాండుకూ క్వయర్‌కూ డాలర్ల సెట్టు కోసం వెతుక్కునే పని సగం తగ్గుతుంది. 1919లో మదనపల్లెలో ఒక్కరు చేసిన పనిని మనం వంద సంఘాల్లో చేయవచ్చు.

ఈ డిసెంబరులోనూ పద్మారావు నగర్ జిరాక్స్ షాపులో ఆ ఇద్దరూ కలుస్తారు. బ్యాండు మాస్టారు తన తరగతి పిల్లల కోసం తీసుకునే కాపీకి చట్టం అండ ఉంది, ఆ అండ తన బడి గేటు దాకానే అని గుర్తుంచుకుంటే చాలు. క్వయర్ లీడరు మాత్రం కాగితం షాపతని చేతికి ఇచ్చేముందు దాని అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న పేరు ఒకసారి చదవాలి. ఆ పేరుగల మనిషి తన పాటను మన ఆరాధనకు ఇచ్చాడా, లేక మనమే తీసుకుంటున్నామా అని తేల్చుకున్న తర్వాతే మీట నొక్కమనాలి.